బర్మా పెట్టె, చింతగింజలు, జులై కాలెండరు

(ఉన్నత పాఠశాలల సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుల సమావేశంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నన్ను పిలిచినవారు అంశం ముందే రాసి పంపారు: "ఉన్నత పాఠశాలలో ఆధునిక ప్రపంచ చరిత్ర: బోధన, సమస్యలు, పరిష్కారాలు". సమస్యలు నా దగ్గర దండిగా ఉన్నాయి. పరిష్కారాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం నన్ను మన్నించాలి. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో నేను చేసిన ప్రయత్నాల్లో ఫలించినవి నాలుగైదు ఉంటాయి, బెడిసికొట్టినవి అంతకు రెట్టింపు. ఫలించినవాటిలో మూడు చెప్పి కూర్చుంటాను.

ముందు స్పాట్ వాల్యుయేషన్ సంగతి. ఒక ఏడాది నా ముందు పడిన కట్టలో మొదటి ప్రపంచ యుద్ధం తరవాతి సంధి గురించిన జవాబులు దిద్దుతున్నాను. మొదటి పిల్లవాడు "వర్సెయిల్స్ సంధి 1991లో జరిగింది" అని రాశాడు. తొందరలో 1919 అంకెలు తారుమారయ్యాయి పాపం అనుకున్నాను. రెండో పేపరులో 1991. మూడో పేపరులోనూ 1991. కట్ట సగం దాటేసరికి విషయం అర్థమైంది. ఆ ఊళ్లో అందరూ కొన్నది ఒకటే గైడు, ఆ గైడులో అచ్చుతప్పు. అచ్చుతప్పు ఎవరికైనా వస్తుంది. నన్ను బాధించింది వేరే. ఆ సంధి మీద జర్మన్ల కోపాన్ని వాడుకుని హిట్లర్ పైకొచ్చాడనీ, 1945లో చనిపోయాడనీ అదే పిల్లలు అదే పేజీలో రాశారు. 1991లో జరిగిన సంధి మీద 1933లో కోపం ఎలా వచ్చిందని ఒక్కరికీ అనుమానం రాలేదు.

ఆ పిల్లలు తెలివితక్కువవాళ్లని అనను. ఏ ఏడాది ప్రపంచ కప్పు ఎవరు గెలిచారో అడగండి, తడుముకోకుండా చెబుతారు. వరసలో ఒక్కటి తప్పు చెబితే మనతో గొడవకు దిగుతారు. అక్కడ ఒకదాని తరవాత ఒకటి ఎందుకొచ్చిందో వాళ్లకు తెలుసు. మన పాఠంలో తెలియదు. నేనూ పదో తరగతి అలాగే గట్టెక్కాను. బాస్టిల్ పతనం 1789 జులై 14 అని నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. బాస్టిల్ ఊరో, మనిషో, కోటో మాత్రం డిగ్రీలో చేరేదాకా తెలియదు.

ఈ మధ్య ఒక మాట తరచుగా వింటున్నాను. తేదీలు చెప్పకండి, కథ చెప్పండి అంటారు. నేను ఒప్పుకోను. గోడకు చిలక్కొయ్య లేకపోతే చొక్కా ఎక్కడ తగిలిస్తాం? చిలక్కొయ్యలు అక్కర్లేదన్న ఇంట్లో బట్టలన్నీ కుప్పగా పడి ఉంటాయి. కాకపోతే మనం ఇన్నాళ్లూ గోడ నిండా చిలక్కొయ్యలు కొట్టి, ఒక్క చొక్కా కూడా తగిలించకుండా వదిలేశాం. పిల్లలకు చూడటానికి మేకులే కనిపిస్తున్నాయి.

రెండో ఇబ్బంది మాటలది. పుస్తకం ఇప్పుడు ఒకవైపు ఇంగ్లీషు, ఒకవైపు తెలుగు. చాలామంది పిల్లలకు రెండు వైపులా ఒకే చీకటి. "ఆర్థిక మాంద్యం" అని చదివి ముందుకు పోతాం. ఒకసారి మా క్లాసులో ఆగి అడిగాను, మాంద్యం అంటే ఏమిటని. ఎవరూ పలకలేదు. చివరి బెంచీ నుంచి ఒకడు, వాళ్ల తాత నాటు వైద్యం చేస్తాడు, "అగ్నిమాంద్యం అంటే ఆకలి చచ్చిపోవడం టీచర్" అన్నాడు. ఇంతకన్నా మంచి నిర్వచనం నేను ఏ అర్థశాస్త్రం పుస్తకంలోనూ చదవలేదు. వంట సిద్ధంగా ఉంది, తినే శక్తి లేదు. 1929 తరవాత అమెరికాలో జరిగింది అదే. గోదాముల్లో గోధుమలున్నాయి, కొట్లలో సరుకులున్నాయి, కొనే చేతిలో డబ్బు లేదు. బజారుకు ఆకలి చచ్చిపోయింది. ఆ రోజు నుంచి మా క్లాసులో మాంద్యం అన్న మాట ఎవరికీ మళ్లీ వివరించాల్సిన పని పడలేదు.

అన్ని మాటలూ ఇంత మేలు చేయవు. రెండో ప్రపంచ యుద్ధం తరవాత అమెరికా, సోవియట్ యూనియన్‌ల మధ్య నడిచిన "ప్రచ్ఛన్న యుద్ధం" చూడండి. ఇంగ్లీషులో దాన్ని చల్లని యుద్ధం అన్నారు, మనవాళ్లు చాటు యుద్ధం చేశారు. పిల్లలు దాన్ని గూఢచారుల వ్యవహారం అనుకుంటారు. 1950 నుంచి 1953 దాకా కొరియాలో లక్షల మంది చచ్చిపోయారు. అందులో చల్లదనమూ లేదు, చాటూ లేదు. పారిభాషిక పదం పరీక్షలో రాయించక తప్పదు కానీ, అది ఎక్కడ అబద్ధమాడుతుందో కూడా చెప్పాలి.

ఇక మొదటిది, పెట్టె.

శ్రీకాకుళం, విజయనగరం, గోదావరి జిల్లాల్లో పనిచేసినవారికి "రంగం" అన్న మాట తెలుసు. రంగం అంటే రంగూన్, ఇవాళ్టి యాంగోన్. తొమ్మిదో తరగతిలో వలసపాలన పాఠం చెబుతూ, మీ ఇళ్లలో ఎవరైనా రంగం వెళ్లారా అని అడిగాను. ఏడు చేతులు లేచాయి. మర్నాడు ఒక అమ్మాయి చీర ముక్కలో చుట్టి ఒక పెట్టె తెచ్చింది. గుండ్రటిది, జానెడు ఎత్తు ఉంటుంది. సన్నటి వెదురు బద్దలతో అల్లి పైన లక్క పూశారు. ఎర్రటి లక్క మీద నల్లటి గీతలు, ఏనుగులో గుర్రాలో పోల్చుకోలేనంతగా అరిగిపోయాయి. మూత తీస్తే లోపల ఒకదాని మీద ఒకటి రెండు తట్టలు. ఒకప్పుడు పై తట్టలో వక్కలు, సున్నం, అడుగున తమలపాకులు. ఆ అమ్మాయి తెచ్చిన రోజున అందులో ఉన్నవి రేషన్ కార్డు, రెండు బ్యాంకు పాసు పుస్తకాలు, ఎవరిదో పాత కళ్లజోడు. "మా తాతమ్మ వాళ్ల నాన్న తెచ్చాడట టీచర్, పోతే మా అమ్మ చంపేస్తుంది" అంది. పెట్టె బెంచీల మీదుగా చేతులు మారుతూ వెళ్లింది. ఒక్కరూ అల్లరి చేయలేదు.

బోర్డు మీద ఒకటే ప్రశ్న రాశాను. ఈ పెట్టె మన ఊరికి ఎందుకు వచ్చింది?

వాళ్ల జవాబులు, నా జవాబులు కలిపి వారం పట్టింది. ఇంగ్లీషువాళ్లు 1852లో దిగువ బర్మాను గెలిచారు. ఐరావతి డెల్టా అడవి కొట్టి వరి వేయించారు. 1869లో సూయజ్ కాలువ తెరిచాక బర్మా బియ్యం యూరప్‌కు తొందరగా చేరడం మొదలైంది. మిల్లులు లేచాయి, రంగూన్ రేవు పెరిగింది, మూటలు మోయడానికి మనుషులు కావలసి వచ్చారు. ఇక్కడ మన తీరంలో కరవులు, అప్పులు. ఊళ్లోకి మేస్త్రీ వస్తాడు, అడ్వాన్సు ఇస్తాడు, ఓడ ఎక్కిస్తాడు, రంగూన్‌లో జీతం నుంచి ఆ అడ్వాన్సు కోసుకుంటాడు. కొరంగి రేవు పేరు మీద అక్కడ మనవాళ్లను కొరంగీలు అన్నారు. ముద్దుగా అన్న పేరేమీ కాదు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగరంలో సగం మందికి పైగా భారతీయులే.

ఇంతవరకు పిల్లలకు ఉత్సాహంగా ఉంది. మనవాళ్లు అంత దూరం వెళ్లారా అని. తరవాత 1930 వచ్చింది. మాంద్యం దెబ్బకు వడ్ల ధర కూలిపోయింది. దిగువ బర్మా ప్రధాన వరి జిల్లాల్లో 1930లో అప్పులిచ్చే తమిళ చెట్టియార్ల చేతిలో ఉన్న భూమి 6 శాతం, 1937 నాటికి అది 25 శాతం. అప్పు తీర్చలేని బర్మా రైతుల పొలాలవి. భూమి పోయిన రైతు పనికోసం రంగూన్ వస్తాడు. రేవులో చూస్తే తెలుగు కూలీ. 1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు జీతం పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు బర్మావాళ్లను పనిలో పెట్టుకున్నాయి. సమ్మె తెగాక మనవాళ్లను మళ్లీ పిలిచి బర్మావాళ్లను పొమ్మన్నాయి. మే 26న కొట్లాట మొదలైంది. వందమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది మనవాళ్లు.

అప్పుడు పెట్టె తెచ్చిన అమ్మాయే అడిగింది. "అయితే బర్మావాళ్లు చెడ్డవాళ్లా టీచర్?"

నేను జవాబు చెప్పలేదు. చెప్పబోయి ఆగాను. క్లాసును రెండు చేశాను. ఒక సగం కొరంగి రేవులో ఓడ ఎక్కిన కూలీ, రెండో సగం పొలం పోయిన బర్మా రైతు. ఎవరి బాధ వాళ్లు చెప్పుకోవాలి, ఎదుటివారిని తిట్టకూడదు, అంతే షరతు. మొదటి పది నిమిషాలు తిట్టుకున్నారు. తరవాత ఒకడు లేచి, "మరి కంపెనీవాడు ఏ బెంచీలో ఉన్నాడు టీచర్?" అన్నాడు. కంపెనీకి నేను బెంచీ వేయలేదు. ఆ ప్రశ్న కోసం నేను ముప్పై ఏళ్లు పాఠం చెప్పినా దండగ కాదు.

మిగతా కథ చకచకా నడిచింది. 1941 డిసెంబరు 23న జపాన్ రంగూన్ మీద బాంబులు వేసింది. మార్చికల్లా నగరం పట్టుకుంది. లక్షల మంది భారతీయులు అడవుల గుండా, కొండల మీదుగా నడిచి వచ్చారు. వేలాది మంది దారిలోనే కలరాకు, మలేరియాకు, ఆకలికి పోయారు. 1942 ఏప్రిల్ 6న బాంబులు విశాఖపట్నం, కాకినాడల మీదే పడ్డాయి. బర్మాలో మిగిలినవాళ్లలో ఎందరో 1962లో నె విన్ సైనిక ప్రభుత్వం వచ్చి, రెండేళ్లలో కొట్లన్నీ జాతీయం చేసి, పెద్ద నోట్లు రద్దు చేశాక వట్టి చేతులతో వచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు అనే పేరు ఎక్కడిదో సిటీ బస్సు ఎక్కే పిల్లలకు అప్పుడు తెలిసింది. సామ్రాజ్యవాదం, మాంద్యం, రెండో ప్రపంచ యుద్ధం, వలసల విముక్తి, నాలుగు పాఠాలు ఒక తమలపాకుల పెట్టెలో పట్టాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ పద్ధతికి ఒక జబ్బు ఉంది. మన ఊరి నుంచి మొదలుపెట్టండి అనగానే కొందరు మన ఊరి దగ్గరే ఆగిపోతారు. అంతకన్నా ప్రమాదం, గొప్పలకు దిగుతారు. ఢిల్లీలో తీన్ మూర్తి దగ్గర ముగ్గురు సైనికుల విగ్రహాలున్నాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో పశ్చిమాసియాలో పోరాడిన హైదరాబాద్, మైసూర్, జోధ్‌పూర్ అశ్వికదళాల గుర్తు అవి. చెప్పాల్సిన సంగతే. కానీ "మనవాళ్లు అక్కడ కూడా గెలిచారు" అని చప్పట్లు కొట్టించి ఊరుకుంటే అది చరిత్ర కాదు, సన్మాన సభ. ఎవరి తరఫున గెలిచారు, ఎవరి మీద, ఆ యుద్ధంలోకి మనల్ని ఎవరు అడిగి దింపారు? 1914లో బ్రిటన్ యుద్ధం ప్రకటించింది, దాంతో ఇండియా కూడా యుద్ధంలో ఉన్నట్టే. 13 లక్షల మంది వెళ్లారు, 74 వేల మంది తిరిగి రాలేదు. 1939లోనూ వైస్రాయి మనల్ని అడగలేదు. ఈసారి కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేసి బయటికి వచ్చాయి, మన మద్రాసు మంత్రివర్గంతో సహా. గర్వం వద్దనడం లేదు. దాని వెనకనే ప్రశ్న కూడా రానివ్వండి అంటున్నాను.

పైగా, ప్రపంచంలో ప్రతి సంగతికీ మన ఊళ్లో పెట్టె దొరకదు. జర్మనీ పాఠానికి నాకు ఏ పెట్టే దొరకలేదు. దొరకాలని వెతకడం కూడా తప్పే. మనకు చుట్టరికం లేని మనుషుల గతి గురించి కూడా పద్నాలుగేళ్ల పిల్లలు ఆలోచించగలరు. దానికి నేను వాడినవి వంద చింతగింజలు.

మొదట కాస్త లెక్కలు. జర్మనీ డబ్బును మార్కు అనేవారు. 1914లో ఒక డాలరుకు సుమారు నాలుగు మార్కులు వచ్చేవి. 1923 నవంబరులో ఒక డాలరుకు ఎన్ని మార్కులో బోర్డు మీద రాయమన్నాను. 42 రాసి పక్కన పదకొండు సున్నాలు. 4 లక్షల 20 వేల కోట్లు. రాసేవాడు మధ్యలో సున్నాల లెక్క తప్పాడు, క్లాసంతా నవ్వింది. ఆ ఏడాది జనవరిలో ఫ్రాన్సు, బెల్జియం సైన్యాలు జర్మనీ బొగ్గు గనులున్న రూర్ ప్రాంతాన్ని ఆక్రమించుకున్నాయి, నిరసనగా అక్కడి కార్మికులు పని మానేశారు, వాళ్లకు జీతాలివ్వడానికి ప్రభుత్వం నోట్లు అచ్చు వేస్తూ పోయింది. ఎవరు నష్టపోయారని అడిగాను. బ్యాంకులో దాచుకున్నవాళ్లు, పింఛను ముసలివాళ్లు అన్నారు. బాగుంది. అప్పుడు ఒకడు, "అప్పున్నవాడికి పండగే కదా టీచర్, ఒక్క నోటుతో మొత్తం తీర్చేయొచ్చు" అన్నాడు. వాళ్ల ఇంట్లో అప్పుల సంగతి నాకు తెలుసు. నవ్వాలో వద్దో తెలియలేదు. కానీ వాడు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఇల్లు తాకట్టు పెట్టినవాడు, పెద్ద అప్పులు చేసిన కర్మాగారాల యజమాని బాగుపడ్డారు. ఒకే వీధిలో ఒకడు మునిగాడు, ఒకడు తేలాడు. మునిగినవాడు ఆ సంగతి మర్చిపోతాడా?

ఇక్కడే మన గైడులు, కొన్నిచోట్ల మనమూ, ఒక పెద్ద గెంతు గెంతుతాం. నోట్ల విలువ పోయింది కాబట్టి హిట్లర్ వచ్చాడు అని. అలా రాస్తే మార్కు పడుతుంది, పైన చెప్పిన మార్కు లాంటిదే. మధ్యలో 1928 ఉంది. ఆ ఏడాది ఎన్నికల్లో హిట్లర్ పార్టీ నాజీలకు వచ్చినవి 2.6 శాతం ఓట్లు. నోట్ల గొడవ సద్దుమణిగి ఐదేళ్లు కావస్తోంది, అమెరికా అప్పులతో కర్మాగారాలు నడుస్తున్నాయి, ఆ పార్టీని పట్టించుకున్నవాళ్లు లేరు. 1929లో న్యూయార్క్‌లో వాటాల మార్కెట్ కూలింది. అప్పులిచ్చినవాళ్లు వెనక్కి అడిగారు. పని పోయినవాళ్లు 1932 నాటికి 60 లక్షలు. నాజీల ఓట్లు 1930లో 18.3 శాతం, 1932 జులైలో 37.3 శాతం. ఈ నాలుగు అంకెలు బోర్డు మీద వరసగా రాసి, ఏమీ చెప్పకుండా ఒక నిమిషం ఊరుకోండి. పిల్లలే మాట్లాడతారు. తేదీలు కావాలని నేనన్నది ఇందుకే. 1928 అనే చిలక్కొయ్య లేకపోతే ఈ చొక్కా నేల మీద పడుతుంది.

ఇప్పుడు చింతగింజలు. 1932 నవంబరులో మళ్లీ ఎన్నికలు. వంద గింజలు నేల మీద పోసి, వంద మంది ఓటర్లు అనుకోండి అన్నాను. నాజీలకు 33. జులైకన్నా నాలుగు తగ్గాయి. సోషల్ డెమొక్రాట్లకు 20. కమ్యూనిస్టులకు 17. మిగతా 30 చిన్నాపెద్దా పార్టీలవి. కుప్పలు పెట్టి చుట్టూ కూర్చున్నారు. ఒకడు, నేను ఏమీ చెప్పకముందే, చెయ్యి చాపి 20 కుప్పనీ 17 కుప్పనీ కలిపేశాడు. "ముప్పై ఏడు టీచర్, వీళ్లే ఎక్కువ." అవును, వాళ్లే ఎక్కువ. కానీ ఆ రెండు పార్టీలు ఒకరి నీడ ఒకరికి గిట్టకుండా ఉన్నాయి. కమ్యూనిస్టులు సోషల్ డెమొక్రాట్లను కూడా ఫాసిస్టుల జాతే అనేవారు. సోషల్ డెమొక్రాట్లకు వీళ్ల మీద నమ్మకం లేదు. నిజంలో ఆ గింజలు కలవలేదు అని చెప్పి, ఆ కుప్పలు మళ్లీ విడదీశాను. ఆ పిల్లవాడి ముఖం నాకు ఇప్పటికీ గుర్తు. ఆటలో మోసం చేశానన్నట్టు చూశాడు.

ఓట్లు తగ్గి మూడు నెలలు తిరగకముందే, 1933 జనవరి 30న, హిట్లర్ ఛాన్సలర్ అయ్యాడు. ఓట్లు గెలిపించలేదు. ముసలి అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ చుట్టూ ఉన్న పెద్దమనుషులు, వీణ్ని కుర్చీలో కూర్చోబెట్టి పగ్గం మన చేతిలో ఉంచుకుందాం అనుకున్నారు. నాలుగు వారాలకు పార్లమెంటు భవనం తగలబడింది. మార్చి 23న, పార్లమెంటు లేకుండానే చట్టాలు చేసే అధికారం హిట్లర్‌కు ఇచ్చే బిల్లు వచ్చింది. అనుకూలం 444, వ్యతిరేకం 94. కమ్యూనిస్టు సభ్యులను అసలు లోపలికే రానివ్వలేదు. ఆ 94 మంది సోషల్ డెమొక్రాట్లు, బయట నాజీ దళాలు అరుస్తుండగా వద్దని ఓటేసినవాళ్లు. పరీక్షలో ఈ అంకె ఎవరూ అడగరు. నేను మాత్రం ఏటా చెప్పేదాన్ని. హిట్లర్ పేరు తెలియని పిల్లవాడు లేడు, వద్దన్నవాళ్లున్నారని తెలిసినవాడూ లేడు.

ఒక ఏడాది ఒక ఉపాధ్యాయ మిత్రుడు అన్నాడు, ఇలా గింజలు ఆడిస్తూ కూర్చుంటే సిలబస్ ఎప్పుడు పూర్తవుతుంది, గ్రాండ్ టెస్టులకు ఏం చేస్తారు అని. న్యాయమైన ప్రశ్నే. పూర్తయ్యేది కాదు, నిజం చెబుతున్నాను. మూడు పాఠాలు ఇలా చెప్పి, మిగతావి మామూలుగా బోర్డు మీద నడిపించేదాన్ని. జపాన్ మెయిజీ సంస్కరణలు నేను ఏనాడూ బాగా చెప్పలేదు. ఇటలీ ఏకీకరణ కూడా అంతే. ప్రధానోపాధ్యాయులకు ఫలితాల శాతం కావాలి, తల్లిదండ్రులకు మార్కులు కావాలి, వాళ్లను తప్పుపట్టను. నా అనుభవంలో ఒక్కటి గమనించాను. మూడు పాఠాల్లో "ఎందుకు" అని అడగడం అలవాటైన పిల్లలు మిగతా పాఠాలు గైడులో చదివినా గైడుతో గొడవ పెట్టుకుంటారు. 1991 అని చూస్తే నా దగ్గరికి పట్టుకొస్తారు.

ఒక చిన్న సంగతి మధ్యలో. ఆఫ్రికా పాఠం దగ్గర పటం పని ఇస్తాం, బెల్జియం గుర్తించండి, కాంగో గుర్తించండి అని. గుర్తిస్తారు, రంగు వేస్తారు. మన తెలంగాణలో బెల్జియంలు మూడు పట్టి ఇంకా చోటు మిగులుతుందని చెప్పండి. కాంగోలో డెబ్భైకి పైగా పడతాయి. అంత దేశం 1885 నుంచి 1908 దాకా లియోపోల్డ్ అనే ఒక్క రాజు సొంత ఆస్తి. ఆయన అక్కడ ఒక్కసారీ కాలు పెట్టలేదు. అక్కడి ఘోరాన్ని పసిగట్టినవాళ్లలో ఒకడు సైనికుడూ కాదు, నాయకుడూ కాదు, ఓడల కంపెనీలో లెక్కలు చూసే గుమాస్తా. మోరెల్ అని పేరు. ఆంట్‌వెర్ప్ రేవులో చూశాడు. కాంగో నుంచి వచ్చే ఓడల్లో రబ్బరు, ఏనుగు దంతం. తిరిగి వెళ్లే ఓడల్లో తుపాకులు, తూటాలు, సైనికులు. సరుకుకు బదులు సరుకు లేదు. మరి ఆ రబ్బరు గీసినవాళ్లకు కూలి ఎలా ఇస్తున్నారు? ఇవ్వడం లేదు, తుపాకీ చూపించి చేయిస్తున్నారు. కిరాణా కొట్టు నడిపే ఇంటి పిల్లలకు ఇది చెప్పి చూడండి, మీరు వాక్యం పూర్తి చేసేలోపు పట్టేస్తారు. చిట్టా పుస్తకం చదవడం వాళ్లకు పుట్టుకతో వచ్చిన విద్య.

చివరిది కాలెండరు. దీనికి ఎక్కువ సమయం తీసుకోను, భోజనాల వాసన నాకూ తగులుతోంది.

మొదటి ప్రపంచ యుద్ధానికి కారణాలు అనగానే మన నోట్లో ఒక పాట ఉంటుంది. సైనికవాదం, కూటములు, సామ్రాజ్యవాదం, జాతీయవాదం, తక్షణ కారణం సరయెవో హత్య. అన్నీ నిజమే. కానీ వాటిలో మనుషులు లేరు. పిల్లలకు అది తుపాను హెచ్చరిక లాగా వినిపిస్తుంది, వాయుగుండం ఏర్పడింది, తీరం దాటింది అన్నట్టు. యుద్ధం వాయుగుండం కాదు. 1914 జూన్ 28, ఆదివారం, సరయెవోలో ఆస్ట్రియా యువరాజు హత్య. ఆగస్టు 4, మంగళవారం, బ్రిటన్ యుద్ధంలో దిగింది. మధ్యలో 37 రోజులు. ఆ 37 రోజుల కాలెండరు ఒక పెద్ద అట్ట మీద గీసి గోడకు తగిలించాను. ప్రతి రోజుకూ ఒక వరస, ఆ వరసలో ఒక్కో రాజధానికి ఒక గడి.

కాల్చినవాడు గావ్రిలో ప్రిన్సిప్, వయసు 19. ఇరవై నిండలేదు కాబట్టి ఉరి వేయలేదు, జైల్లో క్షయతో చనిపోయాడు. యువరాజు కారు డ్రైవరు దారి తప్పి సరిగ్గా అతని ముందుకు వచ్చి ఆగాడు. ఈ ముక్క చెప్పగానే మగపిల్లలంతా డ్రైవరు మీద పడతారు. అతను సరిగ్గా వెళ్లి ఉంటే యుద్ధం వచ్చేది కాదు కదా అని. సరే, అయితే మిగతా 36 రోజులు చూద్దాం రమ్మంటాను. రోజూ ప్రార్థన తరవాత రెండు నిమిషాలు, ఆ రోజు చీటీ ఒకటి. ఏ రాజధాని బృందానికి చీటీ వస్తే వాళ్లు నిర్ణయం చెప్పాలి, ఆగుతారా, సైన్యాన్ని కదిలిస్తారా. తరవాత నిజంగా ఏం జరిగిందో గడిలో రాస్తాం. మొదటి మూడు వారాలు గడులు చాలా వరకు ఖాళీ. పిల్లలకు విసుగు. "ఏమీ జరగడం లేదు టీచర్" అంటారు. బయటికి ఏమీ జరగలేదు, నిజమే. అప్పటి పత్రికలు చదివేవాళ్లకూ అలాగే ఉంది.

జులై 23న ఆస్ట్రియా, హత్య వెనక మీ హస్తం ఉందంటూ సెర్బియాకు షరతుల ఉత్తరం పంపింది, 48 గంటల గడువు. 25న సెర్బియా దాదాపు అన్నీ ఒప్పుకుంది. తమ గడ్డ మీద ఆస్ట్రియా అధికారులు విచారణలో కూర్చోవడానికి మాత్రం ఒప్పుకోలేదు. 28 ఉదయం, ఆస్ట్రియాకు అండగా ఉన్న జర్మన్ చక్రవర్తి ఆ జవాబు చదివి, ఇక యుద్ధానికి కారణమే లేదని రాశాడు. ఆ రోజే ఆస్ట్రియా యుద్ధం ప్రకటించింది. 29 రాత్రి, సెర్బియాకు అండగా ఉన్న రష్యా జార్ తన సైన్యం మొత్తాన్ని కదిలించే ఆజ్ఞ వెనక్కి తీసుకున్నాడు. 30న మళ్లీ ఇచ్చాడు. ఈ రెండు గడుల దగ్గర మా బెర్లిన్ బృందం, సెయింట్ పీటర్స్‌బర్గ్ బృందం నిజంగా పోట్లాడుకున్నాయి, "నువ్వు ఆగితే నేనాగేవాణ్ని" అని. రైళ్ల వేళల పట్టికలతో సహా సైన్యాల పథకాలు ముందే రాసి పెట్టుకున్నారు, ఒక్కసారి కదిలిస్తే ఆపడం కష్టం అని సేనాపతులు భయపెట్టారు. అయినా ఆజ్ఞ మీద సంతకం చేసింది మనిషే. ఆ గడులు నిండుతున్నప్పుడు డ్రైవరు సంగతి ఎవరికీ గుర్తు లేదు.

ఆ కాలెండరు జిరాక్సు కాపీలు వెనక బల్ల మీద పెట్టించాను, చీటీలతో సహా. ముప్పై సెట్లు ఉన్నాయి, చాలకపోతే మీ ఊళ్లో తీయించుకోండి. ఒక్క సంగతి గమనించండి. మొదటి ఏడాది నేను అయిదు రాజధానులకే గడులు గీశాను. వియన్నా, బెర్లిన్, సెయింట్ పీటర్స్‌బర్గ్, పారిస్, లండన్. ఏ బృందంలోనూ చోటు దొరకని ఒక పిల్లవాడు అట్ట ముందు చాలాసేపు నిలబడి, "గొడవంతా సెర్బియా గురించే కదా టీచర్, వాళ్లకు గడి లేదేమిటి?" అన్నాడు. సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్ గడులు వాడి చేతే గీయించాను. స్కేలు లేకుండా గీశాడు. మీ కాపీల్లో కుడిచేతి అంచున కాస్త వంకరగా కనిపించే గడులు అవే.